ఆ సందులో మాకేం భయం?

పెద్దూరికి పోతే యాడ దిగాల అనేదానికి మా నాయన కాడ ఒక శాస్త్రం ఉండేది. జనం దిగే కాడ దిగగూడదు. గుడి దగ్గరుండే సత్రాల్లో అసలే దిగగూడదు. "సత్రంలో నీ పక్కన పండుకున్నోడు ఎవుడో నీకు తెలీదు, నువ్వెవురో వానికి తెలీదు. పొద్దున లేస్తే మూట వానిది, ఏడుపు నీది" అనేవాడు. ఊరోళ్లు కాపరం ఉండే సందు ఎతుక్కోవాల. ఆ సందులో మొదటింట్లో నీళ్లడిగి తాగాల. మనది ఏ ఊరు, ఎవురి బిడ్డలం, ఎందుకొచ్చినాం, ఇదంతా పొద్దుగూకే లోపల సందంతా తెలిసిపోవాల. నలుగురి కండ్ల ముందర ఉంటే నాలుగు పక్కలా కంచె ఉన్నట్టేనని ఆయన మాట. ఆ శాస్త్రం తప్పని నేననను. ఆ సందులో మా మూట పోలేదు. మా మీద ఎవురూ చెయ్యెత్తలేదు. అందుకే దాన్ని తలుచుకుంటే ఈ పొద్దుటికీ నాకు కడుపు రగిలిపోతాది.

జపానోడు మద్రాసు మీద బాంబులేస్తాడని ఆడి జనం తట్టాబుట్టా నెత్తిన పెట్టుకోని మన పక్కకు పారిపోయి వచ్చిన ఎండకాలం అది. మాది కాణిపాకం దగ్గర పల్లె. మా అక్కకు నెలలు నిండతా ఉండినాయి. అంతకు ముందు రెండు కాన్పులు మా ఊర్లోనే అయినాయి, రెండు బిడ్డలూ దక్కలేదు. పుట్టి రొంతసేపు మూలిగి, పెదాలు నల్లబడి పోయినాయి. బావ పట్టాళంలో చేరి యాడుండాడో తెలీదు. అమ్మ మా చిన్నప్పుడే పాయె. అత్తగారింట్లో ఉండే నన్ను పిలిపించి, "ఈసారి బిడ్డను దక్కించుకోవాలమ్మా. తిరపతికి పోదాం, నువ్వు తోడు రా" అన్నాడు నాయన. అక్క మూట కడతా కడతా, ముందు బిడ్డలకని కుట్టిన చిన్న చొక్కాలు రెండు తీసి, మళ్లీ పెట్టె అడుగున పెట్టేసింది. తీసకపోతే కీడని దాని భయం.

చిత్తూర్లో రైలెక్కి పాకాల మీదుగా తిరపతిలో దిగినాము. ఊరి పొలిమేర దాటినాక ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. ఆడ ఒక దొరసాని డాక్టరమ్మ. వచ్చీరాని తెలుగు, గట్టి చేతులు. అక్క కడుపు పట్టి చూసి, ముందు కాన్పుల కత అంతా అడిగి, "ఈ బిడ్డ పుట్టంగానే నా కాడ ఉండాల. ఊపిరి సరిగ్గా తీసే దాకా నేను చూసుకుంటాను. ఇంకా టైముండాది. ఇప్పుడు మంచాల్లేవు. నొప్పులు మొదలు కాంగానే తీసకరా" అనింది. మంచాలు యాడుంటాయి? ఆసుపత్రి వసారాలో గూడా మద్రాసోళ్లే. సత్రాల్లో వాళ్లే, అరుగుల మీద వాళ్లే. నాయనకు సత్రాలంటే ఎట్లాగూ పడదు, ఇంగ అడిగేదే లేదు. యాత్రికులు తొక్కని పక్కకు, ఊరి లోపలికి నడిపించినాడు మమ్మల్ని.

ఆ సందు చూస్తే ఎవురికైనా నచ్చుతాది. ఇద్దరు పక్కపక్కన నడిచేంత ఇరుకు, రెండు పక్కలా పెంకుటిండ్లు, వాకిండ్లల్లో పేడ కలాపు, తలుపులన్నీ బార్లా తెరిచి. మొదటింట్లో ఒక అవ్వ ఉండేది, ఒంటిది. నాయన నీళ్లడిగినాడు. చెంబు ఇస్తా అక్కను చూసింది.

"ఎన్నో నెల?" అనింది.

"ఏడో నెలమ్మా" అన్నాడు నాయన.

నేను నాయన మొకం చూసినా. నిండు చూలాలిని ఎవురూ ఇంట్లో పెట్టుకోరని, పురుడు మీద పడుతుందని భయపడతారని ఆయన లెక్క. అవ్వ కండ్లు అక్క కడుపు మీదనే ఉండాయి. "ఏడో నెలా? సరేలే నాయనా. నువ్వు ఏడంటే ఏడే" అని పెరటి పక్కనుండే గది చూపించింది. సందు కొనాకి ఒక ఇల్లుండాది, కప్పు లేదు, గోడలు మాత్రం నిలబడుండాయి. ఆడెవురుండేవాళ్లని నేనడిగితే అవ్వ, "ఉండినారు, పోయినారు. ముందు కాళ్లు కడుక్కో పో" అని లోపలికి తోలింది.

పొద్దుగూకే లోపల సందంతా వచ్చి మమ్మల్ని చూసిపోయింది. ఆడోళ్లు పిడకల దాలిలో కాగిన పాలు తెచ్చినారు. ఒకామె అక్కకు పండుకునేదానికి నులక మంచం తెచ్చింది. సందులో పెద్దాయన ఒకడు, తెల్ల మీసాలు, మెత్తని మాట, నాయన పక్కన కూచ్చోని మా పైరు సంగతులు, ఎనుముల సంగతులు అన్నీ అడిగినాడు. నాయన మొకం ఎలిగిపోయింది. "చూసినావా? సత్రంలో ఇట్లా ఒకడన్నా పలకరిస్తాడా?" అన్నాడు నాతో.

అప్పుడు చెప్పినాడు పెద్దాయన. గంగమ్మ జాతర దగ్గర పడిందని, మంగళవారం పొద్దుగూకినాక చాటింపు వేస్తారని. చాటింపు పడినాక ఊర్లో ఉండేవాడెవుడూ పొలిమేర దాటి ఇంకోచోట పండుకోగూడదు. అప్పటికి పొలిమేర బయటుండేవాడెవుడూ ఊర్లోకొచ్చి నిద్ర చెయ్యగూడదు. ఇది ఊరందరికీ ఉండేదే. ఆ సందోళ్లకు ఇంకొక పట్టింపుండాది. చాటింపుకూ, జాతర ముగిసేదానికీ నడాన ఆ సందులో పురుడు పడగూడదు. సావూ మైలే, పురుడూ మైలే. "ఒకేడు ఒకింట్లో పురుడు పడింది. మాకు చెప్పకుండా దాచినారు. ఆ ఏడు అమ్మవారు పోసి, మా సందులో ఇంటికొక బిడ్డ పోయింది. నా మనవడు పోయినాడప్పా" అని పెద్దాయన కండ్లు తుడుచుకున్నాడు. నాకూ పాపం అనిపించింది. మళ్లీ ఆయనే, "ఆ ఇంటోళ్లను మేమేమీ అనలేదు. వాళ్లే ఎళ్లిపోయినారు" అన్నాడు. కొనాకి చూస్తే ఆ కప్పు లేని ఇల్లు కనపడతా ఉండాది. వాళ్లే పోతే పెంకులెవురు పీకినారు, దూలాలెవురు తీసకపోయినారు? నేనడగలేదు.

"నీ పెద్దబిడ్డకు ఏడో నెలేనంట గదా. ఐతే మనకేం దిగులు లేదు. ఉంటే ఉండండి, లేదంటే చాటింపు లోపల పొండి. మీ ఇష్టం" అన్నాడు పెద్దాయన.

ఆ పొద్దు నాయనతో పోట్లాడినాను. పెరట్లోకి పిల్చి, "ఈడ వద్దు నాయనా. ఆసుపత్రి వాకిట్లో చెట్టు కింద పడుందాం" అన్నాను. ఆయన వింటే గదా! "బుద్ధుందా నీకు? ముక్కూ మొకం తెలీని జనం నడాన నిండు చూలాలిని పడుకోబెట్టేదా? డాక్టరమ్మ టైముండాదనింది గదా. జాతర ముగిసినంక జట్కాలో రాజా మాదిరి పోదాం. ఈడ మనల్ని కనిపెట్టుకోని ఉండేదానికి సందు సందంతా ఉండాది" అన్నాడు. అక్కను అడిగినాను. అది కడుపు మీద చెయ్యి పెట్టుకోని, "నాకేం తెలుసే, నాయన యాడుండమంటే ఆడుంటా. బిడ్డ దక్కితే చాలు" అనింది.

మర్నాడు నాయన ఇంకొక పని చేసినాడు. తినేదానికని మా ఊరినుంచి తెచ్చుకున్న రాగుల గోతం మోసుకోనిపోయి, సందోళ్లు జాతరకు అంబలి కాచేదానికి కూడబెట్టిన రాగుల్లో కుమ్మరించినాడు. పెద్దాయన నాయన భుజం మీద చెయ్యేసి, "ఇంగ నువ్వు మావోడివప్పా. అమ్మ అంబలిలో నీ రాగులు కలిసినాయి. మాకు ఏది కట్టో నీకూ అదే కట్టు" అన్నాడు. నాయన ఉబ్బి తబ్బిబ్బయినాడు. అవ్వ మాత్రం నా పక్కన నిలబడి, "మీ నాయన మంచోడే పిల్లా. రొంత తెలివి తక్కువ, అంతే" అని గొణిగింది.

మంగళవారం పొద్దుగూకినాక చాటింపు పడింది. పలకలు ముందు దూరంగా వినపడినాయి, తర్వాత వీధి మొగదాల్లో, తర్వాత మా సందులోనే. ఆడోళ్లు వాకిట్లోకొచ్చి చేతులెత్తి మొక్కినారు. అక్క గది గడప లోపలే నిలబడి, పలక కొట్టినప్పుడంతా కడుపును రెండు చేతులా పొదువుకునింది. ఆ పొద్దటినుంచి సందులో తలుపులు మూసేది లేదు. ఎవురు యాడికి పోయినా, "యాడికి?" అని అడిగేవాళ్లు. కోపంగా గాదు, నవ్వతానే. అక్క పెరట్లోకి పోయినా గోడ అవతలనుంచి, "ఏం తల్లీ, బాగుండావా?" అని ఒక గొంతు. నేను నీళ్లకు పోతే నా బిందె మోసేదానికి ఒకామె. అంత ప్రేమ నేను మా పల్లెలో గూడా ఎరగను.

డాక్టరమ్మ చెప్పిన టైమంతా అబద్ధమైపోయింది. జాతరలో మొగోళ్లు బండ వేషాలు కట్టి తిరిగే దినం, ఎండ నడినెత్తికి రాకముందే అక్క గోడ పట్టుకోని కిందికి జారింది. నాయన జట్కాకని పరిగెత్తబోయినాడు. అవ్వ వాకిలికి అడ్డం నిలబడింది.

"యాడికి పోతావు? ఏ జట్కావోడు పొలిమేర దాటతాడు ఇప్పుడు? దాటినా, నీ బిడ్డ పొద్దుగూకే లోపల తిరిగొస్తాదా? నొప్పులని తెలిస్తే ఆ పెద్దాయన ఏం చేస్తాడో నీకు తెలుసునా?"

"ఏం చేస్తాడమ్మా?"

"నాకూ తెలీదు నాయనా. తెలుసుకోవాలని నాకు లేదు. కొనాకుండేది నా చెల్లెలి ఇల్లు" అనింది అవ్వ. అని నా పక్కకు తిరిగి, "పిల్లా, ఈ ఇంట్లో నొప్పుల్లేవు, పురుడు లేదు. అర్థమయినాదా? నువ్వు పోయి రోట్లో రాగులేసి దంచు. నేను ఆపమనే దాకా ఆపొద్దు" అనింది.

దంచినాను. అక్క నోట్లో గుడ్డ కుక్కినారు. అది మూలిగినప్పుడంతా నేను రోకలి ఎత్తి గట్టిగా వేసినాను. బయట వేషాలు వచ్చినాయి. మొగోళ్లు ఒళ్లంతా ఎర్రగా కుంకుమ పూసుకోని, వేపమండలు పట్టుకోని, ఇంటింటి ముందరా బండబూతులు తిడతా ఉండారు. ఆ దినం తిడితే అమ్మకు సంతోషం, తిట్టించుకున్నోళ్లకు మేలు. అవ్వ చెయ్యి కడుక్కోని, కొంగు సర్దుకోని వాకిట్లోకి పోయి, నవ్వతా ఆ తిట్లన్నీ తిట్టించుకోని, వాళ్లకు అంబలి పోసి, మళ్లీ లోపలికొచ్చి అక్క కాళ్ల కాడ కూచ్చునింది. వాళ్లలో ఒకడు వాకిట్లోంచి తొంగి చూసి, "ఎవురే లోపల? కడుపుతో ఉండేదా? బయటికి రమ్మను, దాన్నీ తిట్టాల!" అని అరిచినాడు. ఏడుపు తన్నుకొస్తా ఉంటే, "మా అక్కకు ఎండదెబ్బ! నన్ను తిట్టు రా, వస్తా ఉండా!" అని రోకలి పట్టుకోనే వాకిట్లోకి పోయినాను. వాడు నన్ను తిట్టినాడు. నేను నవ్వినాను. ఆ పలకల మోతలోనే నా వెనక బిడ్డ పుట్టింది.

ఆడబిడ్డ. పిడికెడు. ఏడిచింది గానీ, ఆ ఏడుపు గోడ దాటేంత లేదు. ఆ బలం లేనందుకు సంతోషపడినాము చూడు, అదీ మా రాత.

ఆ పొద్దంతా, మర్నాడంతా బిడ్డ పాలు పట్టలేదు. అక్క రొమ్ముల్లో పాలు కారిపోతా ఉంటే బిడ్డ నోట్లోకి గుడ్డతో పిండినాము. ఊపిరి తీస్తే పక్కటెముకలు లోపలికి పోతా ఉండాయి. మూడోనాడు తెల్లారి పెదాలు నల్లబడతా ఉంటే అక్క నా చెయ్యి పట్టుకోని, "ముందు రెండూ ఇట్లనేనే. ఇట్లనే అయినాయి. డాక్టరమ్మను పిలవండే, నీ కాళ్లు మొక్కుతా" అనింది. నేను లేచినాను. అవ్వ నా రెక్క పట్టుకోని, "నువ్వు పోతే నీతో నలుగురు ఆడోళ్లు తోడొస్తారు. మీ నాయనను పొమ్మను" అనింది. నేను నాయన మీద పడినాను. "పో నాయనా! ఆ డాక్టరమ్మను తీసకరా! సందోళ్లు చంపితే అందరం కలిసి సస్తాము గానీ, దీన్ని ఇట్లా చూస్తా కూచోలేను!" ఆయన చెప్పులు గూడా ఏసుకోకుండా పోయినాడు.

నేను గడప మీద కూచ్చోని దోవ చూస్తా ఉండా. సందు మొగదాల్లో పెద్దాయన, ఇంకా ఇద్దరు ముగ్గురు నాయన్ను ఆపినారు. వాళ్ల మాటలు నాకు వినపడతానే ఉండాయి.

"యాడికప్పా, అంత బిరబిరా?"

నాయన నోరు తెరిచినాడు. ఒక్క మాట. నా బిడ్డకు కాన్పయింది, మనవరాలు సస్తా ఉండాది, దోవ ఇడవండి. అంతే చెప్పాల్సింది. ఆయన చుట్టూ చూసినాడు. అన్నీ తెలిసిన మొకాలే. మా పైరు తెలుసు, మా ఎనుములు తెలుసు, మా ఊరు తెలుసు.

"వేపమండలకు" అన్నాడు నాయన.

"ఒంటరిగా ఏం పోతావులే, మేమూ వస్తాము" అని నలుగురూ ఆయనతో నడిచినారు.

ఎండ ఎక్కినంక తిరిగొచ్చినాడు. చేతుల నిండా వేపమండలు. ఆయన వెనక వాళ్లు కూడా వచ్చి, ఆ మండలు మా గడపకు వాళ్లే కట్టి, మాట్లాడి, నవ్వి పోయినారు. వాళ్లు పోయే దాకా నాయన వాకిట్లోనే నిలబడినాడు. లోపలికొచ్చేసరికి బిడ్డ అక్క ఒళ్లోనే పోయింది. అక్క మాకు చెప్పలేదు. అట్లనే ఊపతా ఉండాది.

నేను నాయనను అనరాని మాటలన్నాను. గుసగుసగా అన్నాను, గట్టిగా అనేదానికి గూడా లేదు గదా. ఆయన గోడకు తల ఆనించి, పంచె కొంగు నోట్లో కుక్కుకోని ఏడిచినాడు. పెరట్లో మల్లెపాదు కాడ అవ్వ తవ్వింది. బిడ్డను నేను స్నానం చేయించి ఇచ్చినాను. అక్కను బయటికి రానియ్యలేదు, గోడవతల గొంతుందని. అది ఆ గదిలో చాప మీద బోర్లా పడి, చాప కొరికింది. నోరు తెరిచి ఏడవలేదు. పురుడు పడని ఇంట్లో సావెట్లా వస్తాది?

అంతటితో పోలేదు. కడుపు దిగిందని సందోళ్లకు తెలీకుండా, అవ్వ పాత చీరలు మడిచి అక్క కడుపుకు కట్టింది. పైన చీర కట్టించింది. పాలకు రొమ్ములు గడ్డలు కడతా ఉంటే వాటికీ గట్టిగా గుడ్డ చుట్టింది. జాతర ముగిసే దాకా మా అక్క అట్లా చూలాలి మాదిరి గది గడప లోపల కూచునింది. దోవన పోయేవాళ్లు, "ఏం తల్లీ, బిడ్డ కదులుతుండాదా?" అని అడిగేవాళ్లు. మొదట నేనే బదులు చెప్పేదాన్ని. తర్వాత తర్వాత అదే చెప్పడం మొదలుపెట్టింది. "కదులుతుండాది పిన్నమ్మా" అనేది. ఆ మాట అది చెప్పే తీరు చూస్తే నాకు భయమేసేది. సందోళ్ల మీద గాదు, దాని మీద.

కడాకు మట్టితో అమ్మ విశ్వరూపం చేసి నిలబెట్టి, ఆ మట్టి చెంప నరికి, జాతర ముగిసిందన్నారు. ఆ మట్టి ఇంటికి తెచ్చుకుంటే మేలు. మర్నాడు మేము మూటలు కట్టుకుంటా ఉంటే, సందులో ఆడోళ్లంతా పసుపూ కుంకుమా తీసుకోని వచ్చినారు. పెద్దాయన పెండ్లాము ఆ మట్టి రొంత నీళ్లల్లో కలిపి, అక్కను నిలబెట్టి, చీర పైనే, ఆ గుడ్డల మూట మీదనే పూసింది. "మా తల్లి నిన్ను సల్లగా చూస్తాది. పండంటి బిడ్డను కంటావు. మళ్లీ జాతరకు ఎత్తుకోని రా" అనింది. ఆమె మొకంలో రొంత గూడా కపటం లేదు. మనవణ్ణి పోగొట్టుకున్న ఆడది, కండ్లల్లో నీళ్లు పెట్టుకోని దీవించింది. అక్క వంగి ఆమె కాళ్లకు మొక్కింది.

జట్కా దాకా మా మూటలు వాళ్లే మోసినారు. అవ్వ రాలేదు, పెరట్లోనే ఉండిపోయింది. పెద్దాయన నాయన చేతులు పట్టుకోని, ఎప్పుడొచ్చినా ఈ సందు మీదేనని చెప్పినాడు. నాయన తల ఊపినాడు. పొలిమేర రాయి దాటినంక, ఆసుపత్రి కాంపౌండు కనపడేసరికి, నాయన అక్క పక్కకు తిరిగినాడు.

"ఇంగ ఎవురూ లేరు తల్లీ. ఇంగ ఏడువు" అన్నాడు.

అక్క రెండు చేతులతో ఆ కడుపును పట్టుకోనే ఉండాది. నాయన మొకం నిదానంగా చూసింది.

"ఎవురి కోసరం నాయనా?" అనింది. "పుట్టలేదంటిరి గదా."